కాలి పెడల్

భాగ్యశ్రీ మూడోసారి పెడల్ తొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“ఏవండీ, లాప్‌టాప్‌ని ఏం చేశారు?”

రైస్‌మిల్లుకి బయల్దేరుతున్న గోపీనాథ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగాడు. “పాత విండోస్ మీదే కొత్తది ఎక్కించాను. నిన్న నువ్వు ఏలూరు వెళ్లావుగా, వచ్చేసరికి సర్‌ప్రైజ్ ఇద్దామని. స్పీడుగా లేదూ?”

“స్పీడుగానే ఉంది. పెడలే పనిచెయ్యట్లేదు.”

అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు విని, టైపు చేసి, హైదరాబాదు కంపెనీకి పంపడం ఆమె పని. పెడల్ తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే ఆగుతాడు. చేతులు టైపు చేస్తూనే ఉంటాయి. పెడల్ లేకపోతే వాక్యానికోసారి చేతులాపి మీట నొక్కుకోవాలి. సాయంత్రం అయిదింటికల్లా పన్నెండు ఫైళ్లు వెళ్లాలి. ఇంకొక్కసారి ఆలస్యమైతే పని ఇవ్వమని కంపెనీ వాళ్లు పోయిన వారమే మెయిలు పెట్టారు.

గోపీనాథ్ కంగారుగా బాబీకి ఫోన్ చేశాడు. గూడెం స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు.

“అది పాత పెడల్ కదండీ, దాన్ని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌కి సరిపోదండి. వెతకాలి. నాలుగైదు రోజులు పడుతుందండి.”

“పోనీ పాత విండోసే మళ్లీ వేసేస్తే?”

“అన్నీ చెరిపేసి వెయ్యాలండి. మేడమ్‌గారి కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా పోతుందండి మరి.”

భాగ్యశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. కానీ మొగుణ్ని ఏమనగలదు? పాపం, ప్రేమగా చేశాడు. ప్రేమగా పాడుచేసిన పనిని తిట్టడం ఎంత కష్టమో పెళ్లయినవాళ్లకి తెలుసు. గోపీనాథ్ మెల్లిగా మిల్లుకి జారుకున్నాడు.

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న అత్తగారు సత్యవతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

“ఆ ఆపే మీటేదో నేను నొక్కుతాను. ఎక్కడుందో చూపించమ్మా.”

“మీకెందుకండీ అత్తయ్యగారూ శ్రమ!”

“వంటైపోయింది. సాయంత్రం దాకా నాకేం పని? నువ్వా చెవులకి అవి తగిలించుకున్నావంటే ఈ ఇంట్లో నాకు మాట్లాడ్డానికి గోడలే గతి.”

లాప్‌టాప్ మీటలు సగం ఎప్పుడో మొరాయించాయి కాబట్టి భాగ్యశ్రీ విడిగా ఇంకో కీబోర్డు పెట్టుకుని టైపు చేస్తుంది. దాంతో లాప్‌టాప్ ముందు సత్యవతికి చోటు దొరికింది. నొక్కాల్సిన మీట ఒక్కటే. ఒకసారి నొక్కితే డాక్టరు ఆగుతాడు, మళ్లీ నొక్కితే మొదలుపెడతాడు. గుర్తు కోసం దానిమీద ఒక స్టిక్కరు బొట్టు అంటించుకుంది.

మొదటి గంటసేపు ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు.

“ఆపమంటే వదుల్తారు, వదలమంటే ఆపుతారు!”

“రెండింటికీ నువ్వు ‘ఊఁ’ అనే అంటే నేనేం చెయ్యనమ్మా?”

మధ్యాహ్నానికి దారిలో పడ్డారు. భాగ్యశ్రీ ‘ఊఁ’ అనకముందే, ఆమె వేళ్లను చూసి సత్యవతి మీట నొక్కేస్తోంది. అయిదుకి పది నిమిషాలుందనగా పన్నెండో ఫైలు వెళ్లింది.

మర్నాటికి సత్యవతికి మీట ఒక్కటే సరిపోలేదు. “ఎవరికమ్మా? ఏమైందిట?” అని మొదలుపెట్టింది.

“ఎనభై రెండేళ్ల ఆవిడండి. తుంటి ఎముక విరిగిందిట. ఒక్కర్తే ఉంటుందిట.”

“అయ్యో! మరి అన్నం ఎవరు వండిపెడతారు?”

“అది డాక్టరు చెప్పలేదండి.”

“అదేం డాక్టరమ్మా!”

ఆ సాయంత్రం దీపం పెట్టి, ఊరూ పేరూ తెలియని ఆ ముసలావిడ కోసం కూడా ఓ దణ్ణం పెట్టుకుంది. మూడోరోజు కుర్చీలో కూర్చుంటూనే “ఆవిడ లేచి నడిచిందిటా?” అని అడిగింది. భాగ్యశ్రీ పగలబడి నవ్వింది. ఆ ఇంట్లో పనివేళల్లో నవ్వు వినబడటం అదే మొదలు. నాలుగోరోజు, ఫైళ్లలో తప్పులు బాగా తగ్గాయని కంపెనీ నుంచి మెయిలొచ్చింది.

అయిదోరోజు సాయంత్రం బాబీ సీడీ పట్టుకొచ్చాడు. డ్రైవర్ ఎక్కించి, పెడల్ వైరు లాప్‌టాప్‌కి గుచ్చి, భాగ్యశ్రీని తొక్కమన్నాడు. డాక్టరు మాట్లాడాడు. కాలు తీస్తే ఆగాడు.

“హమ్మయ్య! ఇక మీరు మధ్యాహ్నాలు హాయిగా నడుం వాల్చొచ్చు అత్తయ్యగారూ.”

“అవునమ్మా, మంచిదేగా” అంటూ సత్యవతి కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.

తెల్లారి చూస్తే పెడల్ మళ్లీ మూగబోయింది. బాబీ వచ్చేదాకా ఆగితే ఫైళ్లు ఆగవు. భాగ్యశ్రీ పిలవగానే సత్యవతి వచ్చి మీట ముందు కూర్చుంది. ఆ మర్నాడూ పెడల్ పలకకపోయేసరికి భాగ్యశ్రీ విసుగెత్తి బాబీకి ఫోన్ చేసింది.

“డ్రైవర్ ఎక్కిందండి! మీ ఎదురుగానే చూపించాను కదండీ” అని బాబీ వాపోయాడు. “ఓసారి టేబుల్ వెనక వైరు చూడండి, వదులైందేమో.”

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆమె వంగి చూసింది. వైరు లాప్‌టాప్‌కి లేదు. అలాగని ఊడి కింద పడిపోనూలేదు. పొందికగా చుట్టచుట్టి, పూలదారంతో టేబుల్ కాలికి కట్టేసి ఉంది.

వెనక కుర్చీ జరిపిన చప్పుడైంది. సత్యవతి అప్పుడే కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.

“ఏమ్మా, ఇవాళ కూడా పనిచెయ్యదా?” అంది, కోడలి మొహంలోకి చూడకుండా.

భాగ్యశ్రీకి కోపం రావలసింది. రాలేదు. లేచి నిలబడి, అత్తగారికి వినబడేలా ఫోన్లో అంది:

“వైరు బాగానే ఉందండీ బాబీ గారూ. మా పాత లాప్‌టాప్‌కి ఆ డ్రైవర్ ఇక పడదులెండి, మీరు రానక్కర్లేదు.”