పత్తి చేలో పెట్రోమాక్స్

"లైటు తియ్యకండి పాస్టరు గారూ!" ఆఖరి కూటం ముగించి పెట్రోమాక్స్ తియ్యబోతున్న ఆయన చెయ్యి బుల్లయ్య గబుక్కున పట్టుకున్నాడు.

వారం నుంచీ తన పత్తి చేలోనే సువార్త కూటాలు పెట్టించుకుంటున్న రైతు అతను. పాస్టరు నతానియేలు గారి కళ్లు చెమర్చాయి.

"క్రీస్తు వెలుగు మీ హృదయాన్ని తాకింది బుల్లయ్య గారూ!"

"హృదయం సంగతి తర్వాత. ఇటు చూడండి."

పెట్రోమాక్స్ కింద బుల్లయ్య పెట్టిన నీళ్ల తొట్టి నిండా రెక్కల పురుగులు తేలుతున్నాయి.

"ఎంత మందు కొట్టినా చావని పురుగండీ! మీ లైటుకొచ్చి పడి చస్తోంది. ఇంకో వారం వాక్యం చెప్పారంటే నా పంట దక్కుద్ది."

పాస్టరు ముఖం ఎర్రబడింది. "లోకానికే వెలుగైన ప్రభువు పురుగులు పట్టడానికొచ్చాడా?"

"నా చేను లోకంలో లేదాండీ?"

నతానియేలు గారు చొక్కా చేతులు పైకి మడిచారు. వంగి పెట్రోమాక్స్‌కి గట్టిగా పంపు కొట్టి, భార్య వైపు తిరిగారు.

"ఎలీసమ్మా, చరణాలు ఎక్కువున్న పాటేదైనా ఎత్తు!"