తల లేని నెమలి

“ఈరోజు కూడా జవాబు లేదు!” జహీర్ ఫోన్‌ను బల్ల మీద విసిరేశాడు.

ధర్మవరంలో పట్టుచీరలకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసిచ్చే అంగడి అతనిది. గీసిన బొమ్మను మగ్గం నేయగలిగేలా మార్చిపెట్టేది ‘అంచు’ అనే ప్యాకేజీ. ఎన్.జె. అని ఎవరో తయారుచేసి, నెట్‌లో ఉచితంగా పెట్టాడు. తప్పొచ్చిందని మెసేజ్ పెడితే చాలు, ఆ పూటే సరిచేసేవాడు.

కంప్యూటర్ అప్‌డేట్ అయినప్పటి నుంచి ‘అంచు’ మొరాయిస్తోంది. కొంగులో నెమలికి తల రావడం లేదు. ఎన్.జె. పలకడం లేదు.

“ఏమబ్బా జహీరూ, తల లేని నెమలిని నేసి పెండ్లికూతురికి కట్టమంటావా?” గుమ్మంలో నిలబడ్డ పోతులయ్య అడిగాడు. “నా మగ్గం ఊరకే ఉండాది. చీర అందకపోతే ఆ పార్టీ మళ్లీ నా గడప తొక్కదు.”

“నన్నంటే ఏమొస్తాదన్నా? ఆ ఎన్.జె. గాన్ని అను. వారం నుంచి తిట్లే పంపిస్తాండా. సిగ్గు లేదు వానికి.”

ఎవరో నడివయసు ఆమె లోపలికొచ్చి బెంచీ చివర కూర్చుంది.

“చీరల అంగళ్లు పక్క వీధిలోమ్మా,” అన్నాడు జహీర్ తల తిప్పకుండా.

“నీతోనే పని నాయనా. అంచు అనేది నీ దగ్గర ఉండాదంట కదా. ఒక తూరి చూపిస్తావా?”

“చూడు, బాగా చూడు. ఈ దరిద్రాన్ని ఇప్పుడే పీకేస్తాండా.”

నల్లటి తెర తెరిచి ఒక వరుస టైపు చేశాడు. తీసెయ్యమంటారా, అవునా కాదా అని తెర అడిగింది. కీ విరిగేలా అవునని కొట్టాడు.

అక్షరాలు గబగబా పైకి పాకి ఆగిపోయాయి.

“అంతేనా?” అంది ఆమె.

“అంతే. పాతదాని జాడ కూడా ఉండకూడదు. మళ్లీ కొత్తగా ఎక్కిస్తా. ఇంతకూ నీ పనేంది?”

ఆమె బెంచీ మీద నుంచి లేచింది.

“ఒక మాట చెప్పిపోదామని వచ్చినా. కోపంలో ఉండావు. ఇంగోసారి వస్తాలే.”

ఆమె వెళ్లాక, “పనీపాటా లేనోళ్లంతా ఈడికే వస్తారు,” అని గొణుక్కుంటూ జహీర్ ఎక్కించమని టైపు చేశాడు.

ఆ పేరుతో ప్యాకేజీ ఏదీ లేదంది తెర.

మళ్లీ కొట్టాడు. అదే మాట. నెట్‌లో ఎన్.జె. దాన్ని ఉంచిన చోటే మూతపడింది. మిగిలిందల్లా తన కంప్యూటర్‌లోనిదే. దాన్ని ఇప్పుడే తన చేత్తో తీసేశాడు.

“తల కోసమొస్తే నెమలే లేకపాయ,” అన్నాడు పోతులయ్య.

జహీర్‌కు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ రాతలే తప్ప మాటల్లేని ఆ నంబరుకు మొదటిసారి ఫోన్ చేశాడు. అటువైపు ఎత్తగానే తిట్లు అందుకున్నాడు.

“ఏమయ్యా ఎన్.జె.! మనిషివేనా నువ్వు? ఒక్క జవాబు చెప్పేకి నోరు పడిపోయిందా?”

బస్సు మోత వినిపించింది. హిందూపురం, హిందూపురం అని కండక్టర్ కేక. ఆ వెనకే, ఇంతకుముందు బెంచీ మీద విన్న గొంతు.

“ఇది నాగజ్యోతి ఫోనే నాయనా. పోయిన నెల జరమొచ్చి పోయింది. నువ్వు పెట్టేవన్నీ పక్కింటోళ్లు చదివి చెప్తాండ్రి, నీ అంగడి జాడ కూడా వాళ్లే చెప్పిరి. ఎవరేమడిగినా జవాబియ్యకుండా పండుకునేది కాదు నా బిడ్డ. నాకు రాసేకి రాదు, అందుకే దాని బదులు నోటితో చెప్పిపోదామని వచ్చినా.”