లక్ష్మీదేవి ఎందుకు అలిగింది

"కోపం తగ్గినంక ఉదయశ్రీ తనే వస్తది" అంటూ మురళీకృష్ణ టీవీ పెట్టాడు. భార్య ఏన్కూరులోని పుట్టింటికి వెళ్లి అది మూడో రోజు.

తల్లి బుల్లెమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. "భృగువు విష్ణువు రొమ్ము మీద తన్నితే, లక్ష్మీదేవి వైకుంఠం ఎందుకు విడిచిపోయిందిరా?"

"తన్నినందుకు."

"కాదు. ఆ తన్నినోని కాళ్లు మొగుడు ఒత్తుకుంట కూసున్నందుకు."

మురళి టీవీ కట్టేశాడు. "పదిమందిల అన్న దాన్ని గొడ్రాలన్నడు. నేనేమన్న అన్ననా?"

"నువ్వేమనలే. అన్నకు ఇంకింత కూర వెయ్యమని దానికే చెప్పినవ్."

మురళి బండి తాళం తీసుకుని, గడప దాటేముందు అన్నకు ఫోన్ కలిపాడు.

"అన్నా, ఉదయశ్రీని నువ్వన్న మాట తప్పు. నేను ఆడనే, అందరి ముందే చెప్పాల్సింది. చెప్పలే."