చెప్పకుండా వెళ్ళినవాళ్ళు

తలుపు లోపల గడియ పడి ఉంది. లోపల జరీనా చేతిలో చెక్క గరిటెలు చెక్కే కత్తి ఉంది. బయట ఆమె భర్త షావలి తలుపు బాది బాది అలిసిపోయాడు.

"నిన్న నా అంత మంచోడు లేడంది. ఈ పొద్దు హంతకుణ్ణంట. ఇంక నావల్ల కాదు నర్సమ్మా. తలుపు తియ్యంగానే వాళ్ళమ్మతో ఆత్మకూరు బస్సెక్కిస్తా. మళ్ళీ తీసుకురాను," అన్నాడు.

నర్సు రెబెకమ్మ అతన్ని పక్కకు జరగమంది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఉద్యోగంలో ఉన్న ఆమె ఉదయగిరికి బదిలీ అయి వచ్చి ఆరు నెలలు. ఈలోగా మూడుసార్లు జరీనా చేతికి కట్టు కట్టింది. సైతాను పట్టిందని అత్త కరీమున్నీసా తాయెత్తు కట్టించింది. గారాబం ఎక్కువైందని షావలి అంటాడు. రెబెకమ్మకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. ఏ జబ్బుకైనా కారణం దొరికేదాకా ఆమెకు కాలు నిలవదు.

"జరీనా, పొద్దున లేచేసరికి ఏమైందో అదొక్కటే చెప్పు."

లోపల్నుంచి జవాబు వచ్చింది. "లేచి చూస్తే పక్కన లేడు. ఇంక రాడని తెలిసిపోయింది."

రెబెకమ్మ షావలిని నిలదీసింది. లారీ మీద మద్రాసు పోవాలని, చెబితే ఏడుస్తుందని ఆమె నిద్రలో ఉండగానే చెప్పులు చేత్తో పట్టుకుని జారుకున్నానని, లైసెన్సు మర్చిపోయి దుత్తలూరు నుంచి వెనక్కి వచ్చానని ఒప్పుకున్నాడు. వెనకటి మూడుసార్లో? అప్పుడూ అంతే.

"ఎప్పుడు పోతావో, ఎప్పుడొస్తావో మొహానే చెప్పు. ఏడిస్తే ఏడవనీ."

షావలి తలుపుకు నుదురు ఆనించాడు. "శుక్రవారం మధ్యాహ్నానికి వస్తా జరీనా. ఇంకెప్పుడూ నీకు చెప్పకుండా పోను."

గడియ కదిలింది. ముందు కత్తి బయటికొచ్చింది, పిడి అతని వైపు తిప్పి. బస్సెక్కించే మాట షావలి మళ్ళీ ఎత్తలేదు.

అయినా రెబెకమ్మకు ఒక ముడి మిగిలింది. లారీ డ్రైవర్ల పెళ్ళాలందరూ కత్తి పట్టరు కదా? నిన్ననే కూతుర్ని చూడ్డానికొచ్చిన బషీరున్నీసా వసారాలో కూలబడి ఉంది. చిన్నప్పుడు జరీనాను ఎవరైనా ఇట్లాగే వదిలేసి వెళ్ళారా అని ఆమెను అడిగింది.

బషీరున్నీసా కొంగుతో మొహం తుడుచుకుంది. పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, అంటే ఇరవై ఏళ్ళ కింద, తనకు క్షయ వచ్చి రెండేళ్ళు ఆసుపత్రిలో ఉందట. పిల్లలిద్దరూ సీతారామపురంలో అవ్వ దగ్గర. జరీనాకు మూడేళ్ళు. కాస్త తేరుకున్నాక నెలకోసారి వచ్చి చూసిపోయేదట. పెద్దది తట్టుకుంది. జరీనా పుట్టుకతోనే సున్నితం.

"ప్రతిసారీ అది నిద్రపొయ్యినాకనే పొయ్యేదాన్ని. లేచి నా కోసం బస్సు రోడ్డు దాకా పరిగెత్తేదంట."

రెబెకమ్మకు ఒళ్ళు మండింది. "అట్లా పొమ్మని ఏ పాపిష్టిది నేర్పింది నీకు?"

బషీరున్నీసా నొచ్చుకుంది. "అట్లనొద్దమ్మా. వార్డులో ఒక చిన్న నర్సు ఉండేది. పిల్ల ఏడుపు వింటే నీ జబ్బు తిరగబెడతాది, నిద్రపొయ్యినాక సద్దు లేకుండా వచ్చెయ్ అని నా చెయ్యి పట్టుకుని చెప్పినాది. నేను బతికి ఉండానంటే ఆ తల్లి చలవే. నమాజులో ఇప్పటికీ తలుచుకుంటా."

"పేరేంది?"

"రెబెకమ్మ."