కాలిన తీగ

షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

స్వర్ణలత చేతిలో కాలరు సగం కుట్టు మీదే ఉండిపోయింది.

"పోయిందా! ఈ ఫ్యూజు మా ఆయన కోపం లెక్క, ఊకూకె పోతది" అంది పక్క మిషను శాంతాబాయి.

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. స్వర్ణలత నవ్వలేదు. నాచారం కంపెనీలో కాలర్లు కుట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ ఆర్డరు గడువులోగా పూర్తి చేస్తే సూపర్‌వైజరు పోస్టు నీదేనని లైను ఇన్‌చార్జి మహిపాల్ మాటిచ్చి ఉన్నాడు. పొద్దస్తమానం మిషను ముందు వంగి కూర్చోవడం తప్పేది ఆ పోస్టుతోనే.

ఎలక్ట్రీషియన్ ఉప్పలయ్య టెస్టరు పట్టుకుని తాపీగా వచ్చాడు. నెరిసిన మీసం, మాసిన ఖాకీ చొక్కా. అందరూ ఫ్యూజు మామ అంటారు.

"జర జల్ది కానియ్యి మామా! నా టార్గెట్ నువ్వు కుడతవా?" అంది స్వర్ణలత.

"నీ టార్గెట్ యాడికి పోదు బిడ్డా. అందాక చేతులు కిందికిడిచి జాడియ్యి."

"చేతులు జాడిస్తె కాలర్లు రాల్తయా?"

ఉప్పలయ్య మెట్ల కింది ఫ్యూజు డబ్బా దగ్గరకు వెళ్లి, తీరిగ్గా తాళం తీసి, తీరిగ్గా తీగ చుట్టాడు. అంతసేపూ శాంతాబాయి వేళ్లు విరుచుకుంటూ అత్తగారి కథ చెప్పింది. మళ్లీ మిషన్లు మోగాయి.

మధ్యాహ్నం మళ్లీ పోయింది.

"ఏందయ్యా ఇది?" మహిపాల్ అరిచాడు.

ఉప్పలయ్య అరచెయ్యి చాపాడు. అందులో నల్లగా కాలిన తీగ ముక్క.

"లోడుకు తీగ ఆగుత లేదు సార్."

స్వర్ణలతకు ఒళ్లు మండింది.

"లోడు గాదు సార్, ముసలాయనకు చేతగాదు. ఎదురు కంపెనీల ఎన్నడన్న పోయిందా? మనకే ఎందుకు పోతది?"

మిగతావాళ్లు తల దించుకున్నారు. మహిపాల్ మాత్రం ఆ మాట పట్టుకున్నాడు.

ఆ వారాంతానికే ఉప్పలయ్యను మాన్పించారు.

సంచి భుజాన వేసుకుని గేటు వైపు వెళ్తూ, కిటికీ పక్కనున్న స్వర్ణలత మిషను దగ్గర ఆగాడు. బల్ల అంచు మీద చెయ్యి వేసి ఓసారి నిమిరాడు.

"చేతులు పైలం బిడ్డా."

"బెదిరిస్తుండా ఏంది?" అంది శాంతాబాయి, ఆయన వెళ్లాక.

"పోనియ్యి. కడుపుమంట" అంది స్వర్ణలత.

కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆ తర్వాత ఫ్యూజు పోనే లేదు. మిషన్లు పొద్దున మొదలైతే అన్నం వేళకే ఆగేవి. ఆర్డరు గడువుకు ముందే వెళ్లిపోయింది. అందరి ముందూ స్వర్ణలతకు చప్పట్లు కొట్టించాడు మహిపాల్. పోస్టు మాత్రం వచ్చే ఆర్డరుకు అన్నాడు. ఆ తర్వాత ఇంకో ఆర్డరుకు అన్నాడు.

తెల్లవారుజామున వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ రావడం అప్పుడే మొదలైంది. చెయ్యి విదిలిస్తే తగ్గేది. కొన్నాళ్లకు విదిలించినా తగ్గలేదు. స్టీలు గ్లాసు చేతిలో ఉన్నట్టే ఉండి జారిపోయేది.

"అమ్మా, జడ వదులైంది" అని కూతురు అమూల్య బడికి వెళ్లబోతూ వెనక్కి వచ్చేది. రిబ్బను ముడి బిగించడానికి బొటనవేలు సాయం రావడం లేదు.

ఉప్పల్‌లో డాక్టరు ఆమె అరచేతిని వెలుతురుకు తిప్పి చూశాడు. బొటనవేలి కింద కండ కరిగి గుంట పడింది.

"మణికట్టులో నరం నలిగిందమ్మా. ఇంత ముదిరాక ఆపరేషన్ చేసినా పోయిన పట్టు పూర్తిగా రాదు. పని మధ్యలో చేతులకు విశ్రాంతి ఇచ్చేవాళ్లు కాదా?"

"ఫ్యూజు పోయినప్పుడు ఇచ్చేటోళ్లం సార్" అంది స్వర్ణలత. అనగానే, "చేతులు పైలం" అన్న ఉప్పలయ్య మాట గుర్తొచ్చింది.

కంపెనీ ఆమెను ఉంచుకోలేదు. అదే కిటికీ పక్కన ఇంకో అమ్మాయి కూర్చుంది.

ఒక ఆదివారం షేర్ ఆటో ఎక్కి, ఉప్పలయ్య ఉండే చెంగిచెర్ల వెళ్లింది. ఆయనను కలిసి, తొందరపడ్డానని ఒక్క మాట చెప్పాలనుకుంది.

రేకుల గది. గడప మీద ఆయన భార్య సారలమ్మ కూర్చుని ఉంది.

"ఉప్పలయ్య మామ ఉన్నడా పెద్దమ్మా? నాచారం కంపెనీ నుంచి వచ్చిన."

"లేడు బిడ్డా. బతుకమ్మ పండుగ ముంగట పోయిండు. ఛాతిల నొస్తుందన్నడు, దవాఖానకు తోల్కపోయేలోపే..."

స్వర్ణలత చెప్పులు విప్పి గడప పక్కన కూర్చుంది.

సారలమ్మ లేచి మంచినీళ్లు తెచ్చింది. చెంబును వేళ్లతో కాదు, రెండు మణికట్ల మధ్య అదిమి పట్టుకుని తెచ్చింది. ఆమె బొటనవేళ్ల కింద కూడా గుంటలు.

"కంపెనీల ఏ మిషిను నీది?"

"కిటికీ పక్కది. కాలర్లది."

"అది నాదే బిడ్డా, నీకంటె ముందు. చేతులు పోయినంక ఇంటికి తోలిన్రు. బువ్వ కలిపి పెట్టుడు, తల దువ్వుడు... అన్నీ ఆయనే జేసెటోడు."

ఆ మిషను తనకంటే ముందు ఎవరిదో స్వర్ణలత ఎన్నడూ అడగలేదు. కళ్లెత్తి చూడలేక పొయ్యి గట్టు వైపు చూసింది. అక్కడ ఒక డబ్బా మూతలో తీగ ముక్కలు. కొన్ని మెరుస్తున్నవి, కొన్ని నల్లగా కాలినవి.

"ఇవి ఈడ ఎందుకున్నయి పెద్దమ్మా?"

సారలమ్మ వింతగా చూసింది.

"మీకు ఎర్కలేదా? ఫ్యూజు ఒక్కనాడు గూడ పోలేదు బిడ్డా! 'నీ లెక్క ఇంకో ఆడిబిడ్డ కావద్దు' అనుకుంట పొద్దుగాల గీ పొయ్యి మీదనే తీగెలు కాల్చి జేబుల ఏసుకొని పోయెటోడు, మంచిగున్న ఫ్యూజు తనే పీకి మీ చేతులకు జర అలుపు తీరెదాక ఆగి, గీ కాలిన ముక్క మీ సారుకు చూపెట్టెటోడు."