పద్నాలుగో నంబర్ బస్సు

"నలభై," అన్నాడు భీమశంకరం. "రోజుకి నలభై ఎక్కాలి. ఒక్కటి తగ్గినా మన బస్సు తీసేస్తారు."

కమ్యూనిటీ హాల్లో కూర్చున్న పెద్దవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మిషిగన్‌లో అదొక మధ్యరకం ఊరు. కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇరవై ఏళ్లు పాడుబడి ఉన్న డౌన్‌టౌన్‌కి సిటీవాళ్లు మళ్లీ రంగులు వేస్తున్నారు. నది ఒడ్డున అపార్ట్‌మెంట్లు, బార్లు, వాటి మధ్య తిరగడానికి కొత్త ట్రామ్. ఊళ్లోని అన్ని సంస్కృతుల బొమ్మలూ ఆ ట్రామ్ మీద అంటిస్తున్నారు. వాటిలో, ఇప్పుడీ హాల్లో కూర్చున్న జానకీదేవి బతుకమ్మను ఎత్తుకున్న ఫొటో కూడా ఉంది. ఆ ట్రామ్ మాత్రం ఆవిడ ఇంటికి నాలుగు మైళ్ల అవతలే ఆగిపోతుంది.

జనం ఎక్కని రూట్లు తీసేసి, ఆ బస్సుల్ని ట్రామ్ స్టేషన్‌కి మళ్లిస్తామని నోటీసు వచ్చింది. జాబితాలో మొదటి పేరు పద్నాలుగో నంబర్. మార్చి నెల లెక్కే ఆఖరి లెక్క.

భీమశంకరం ముప్పై ఏళ్లు కార్ల బ్రేకులు టెస్ట్ చేసి రిటైరయ్యాడు. చూపు మందగించి లైసెన్స్ పోయింది. భార్య ఛాయాదేవి ఆ రూట్ చివర ఉన్న కేర్ హోమ్‌లో ఉంటోంది. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి నర్సులు పెడితే పెదవి విప్పదు. ఆయన పెడితేనే తింటుంది. రోజూ పదకొండింటి బస్సులో పెరుగన్నం డబ్బా పట్టుకుని వెళ్తాడు.

"మనం ఇరవై మందిమి. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. నలభై," అన్నాడు.

"పోయి ఏం జెయ్యాలె ఆడ?" అంది జానకీదేవి.

"ఏం లేదు. దిగి, మళ్లీ ఎక్కడమే."

"మంచిగుంది. కోడలు అడిగితే ఆఫీస్‌కి పోతున్న అని చెప్త."

మార్చి ఒకటిన స్టాప్‌లో బస్సు తలుపు తెరుచుకుంది. ఎదురుగా చలికోట్లలో ఇరవై మంది. డ్రైవర్ ఫణి నోరు తెరిచాడు. ఐటీ ఉద్యోగం పోయాక స్టీరింగ్ పట్టుకున్న మనిషి. ఆ రూట్‌లో వాళ్లందరికీ ఇంటి మనిషి లెక్క.

"ఏంటంకుల్, పెళ్లికా?"

"నీ రూట్ కాపాడ్డానికి."

ఫణి నవ్వాడు. మెట్టు కిందికి దించాడు. ఒక్కొక్కరికీ చెయ్యి అందించాడు. భీమశంకరం గ్లవ్స్ ఊడదీసుకుని, సీనియర్లకి సిటీ ఇచ్చే ఫ్రీ కార్డు కోసం కోటు లోపల తడుముకుంటుంటే, ఫణి రోజూలాగే కార్డు పెట్టే మెషిన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ అందరికీ ఎలాగూ ఫ్రీయే. చలిలో ఎందుకీ అవస్థ? కూర్చోండంకుల్. పెరుగన్నం ఒలికిపోతుంది."

రోజులు గడిచాయి. బస్సులో అంత్యాక్షరి మొదలైంది. "నలభై ఏళ్ల ప్రాక్టీసులో నా పేషెంట్లు కూడా ఇంత టైముకి రాలేదు," అన్నాడు రిటైరైన డాక్టర్ సూర్యప్రకాశ్. రెండో వారానికల్లా అందరి చేతుల్లోనూ కార్డులకి బదులు పులిహోర డబ్బాలు. ఒకటి ఎప్పుడూ ఫణి కోసం.

పన్నెండో తేదీన మంచు తుఫాను. స్టాప్‌లో పంతొమ్మిది మందే ఉన్నారు. భీమశంకరం మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఫణి బస్సు ఆపి, దిగి, వీధి చివర్నుంచి జానకీదేవిని నడిపించుకుంటూ వచ్చాడు.

"నా ఒక్కదాని కోసం బండి ఆపినవా? నీ బాస్ తిట్టడా?"

"తిట్టనివ్వండి ఆంటీ."

ఇరవై ఒకటో తేదీన సూర్యప్రకాశ్ జ్వరంతో, దుప్పటి కప్పుకుని వచ్చాడు.

"ఇంటికెళ్లి పడుకోవయ్యా!" అన్నాడు భీమశంకరం.

"నేను తగ్గితే ఛాయమ్మకి ఓ ముద్ద తగ్గుతుంది. జరుగు."

భీమశంకరం మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ రోజు కూడా నోట్‌బుక్‌లో నలభై అని రాసుకున్నాడు. నెలలో ఒక్క రోజు కూడా తగ్గలేదు. ఫణి కూడా ఒక్క రోజు సెలవు పెట్టలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో సిటీ హాల్లో మీటింగ్. ప్లానింగ్ ఆఫీస్ నుంచి వచ్చినది తెలుగమ్మాయే. పేరు రచన, ఇక్కడే పుట్టి పెరిగింది. మైకు ముందు కాగితం చదివింది.

"రూట్ ఫోర్టీన్. మార్చిలో రోజుకి సగటున ఎక్కినవాళ్లు ముగ్గురు."

హాలు గొల్లుమంది.

"దొంగ లెక్క!" లేచి అరిచాడు సూర్యప్రకాశ్. "ట్రామ్ కోసం ముందే రాసిపెట్టుకున్నారు!"

భీమశంకరం నోట్‌బుక్ పైకెత్తాడు. "ఇదిగో. పేర్లతో సహా ఉంది."

వెనక వరసలోంచి ఫణి వచ్చాడు. సెలవు రోజైనా యూనిఫామ్ వేసుకుని వచ్చాడు. మైకు అందుకున్నాడు.

"ఆ బస్సు డ్రైవర్‌ని నేనే. ఒక్కొక్కరినీ నా చేత్తో ఎక్కించాను. నా ఉద్యోగం పోయినా ఇదే చెప్తాను."

చప్పట్లు మోగాయి. కమిటీ ఓటు వేసింది. మే ఒకటి నుంచి పద్నాలుగో నంబర్ లేదు.

జనం వెళ్లిపోతున్నారు. భీమశంకరం కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఫణి ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాడు. రచన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అంకుల్, నేను చీట్ చేయలేదు. ప్రామిస్."

"మరి ముగ్గురెలా అయ్యారమ్మా? ఆ లెక్క పెట్టిన మనిషెవరు? ఒక్కసారి నాకు చూపించు."

రచన ఆయన్నీ, పక్కనున్న ఫణినీ అయోమయంగా చూసింది.

"మనిషి ఎవరూ లేరు అంకుల్, కార్డ్ పెడితే మెషిన్ బీప్ అంటుంది కదా, ఆ బీప్‌లనే కౌంట్ చేస్తాం."