పెట్టెల వడ్రంగి చూపు

"మళ్ళీ వచ్చాడత్తా! కంచె దగ్గర నిలబడ్డాడు," అంది కోడలు నయేలి, పెనం మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తూ.

ఎర్మెలిందా గుమ్మంలోంచి తొంగి చూసింది. శవపెట్టెలు చేసే సెలెదోనియో! టోపీ చేత పట్టుకుని, ఆమె పాదాలకేసే చూస్తున్నాడు.

"కొలతలకొచ్చావా? ఇంకా పోలేదురా నేను!"

"సూది మందు వేసుకున్నావా అక్కా?"

"వేసుకుంటే నీకేం, మానేస్తే నీకేం? ఫో అవతలికి!"

కొండమీది ఆ ఊరికి సర్కారు బీమా వచ్చాక షుగరు మందు ఊరికే దొరుకుతోంది. ఏటా ఎందర్నో మింగిన జబ్బుకి కోరలు ఊడాయి. పెట్టెలకు బేరాల్లేవు. ఎక్కడి లోయ నుంచో వచ్చి స్థిరపడ్డ ఆ ఒంటరివాడు, క్లినిక్ తెరిచే రోజున గుమ్మానికెదురుగా నిలబడి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చూసేవాడు. రానివాళ్ళ ఇంటికి సాయంత్రానికల్లా తయారు. వాడు వెళ్ళగానే గడపలో ఉప్పు చల్లుకునేవారు జనం.

ఒంట్లో బాగానే ఉంది కదా అని ఎర్మెలిందా సూది మానేసి చాలాకాలమైంది. ఈమధ్య మాత్రం కునుకు పడితే చాలు, ఎవరో చెక్కకు చిత్రిక పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం. నయేలి సంతకెళ్ళింది. ఎర్మెలిందా నట్టింట్లో కూలబడింది. కళ్ళు తెరిచేసరికి సెలెదోనియో ఆమె చెప్పు విప్పుతున్నాడు! అతను ఆమెను ఎత్తుకెళ్ళి, పెట్టెలు మోసే బండిలోనే పడుకోబెట్టాడు.

'అయిపోయింది,' అనుకుంది.

తెలివొచ్చింది పట్నం ఆసుపత్రిలో.

"అరికాల్లో పుండు కుళ్ళిపోయిందమ్మా. షుగరుతో మొద్దుబారి మీకు నొప్పి తెలియలేదు," అంది డాక్టరమ్మ. "ఇంకో పూట ఆగితే దక్కేవారు కాదు."

మంచం పక్కన సెలెదోనియో కూర్చుని ఉన్నాడు.

"పిచ్చోడా! వదిలేస్తే ఒక పెట్టె అమ్ముడయ్యేది కదరా," అని నవ్వబోయి ఏడ్చేసిందామె. "ఊరందరి పాదాలూ ఎందుకురా అలా చూస్తావు?"

అతను ఆమె కాలికి చుట్టిన కట్టుకేసే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మా ఆవిడ కాలికి మందు కొనలేకే మొదటి పెట్టె చేశానక్కా."